మా మనవరాలు లోకల్ కాదట

సోమవారం పొద్దున పదకొండు గంటలకి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆఫీసు కిటికీ ముందు నిలబడి, మా మనవరాలు లోకల్ కాదని తెలుసుకున్నాను.

కిటికీ అవతలి గుమాస్తా మర్యాద గలవాడే, కాదనను. కాగితాలు రెండుసార్లు తిరగేసి, పుట్టిన సర్టిఫికెట్ మీద వేలు ఆన్చి, "అంకుల్, బచ్చీ తో ఆంధ్రా మే పైదా హుయీ హై. లోకల్ కైసే హోగీ?" అన్నాడు. పిల్ల పుట్టిందే ఆంధ్రాలో, ఇక్కడి మనిషి ఎలా అవుతుంది అని అతని ప్రశ్న.

"మూడో నెల పిల్లప్పుడు ఓడెక్కి వచ్చిందయ్యా. అప్పట్నుంచీ ఇక్కడి నీళ్ళే తాగుతోంది" అన్నాను, నేనూ హిందీలోనే.

"నీళ్ళకి కాగితం ఉండదు కదా అంకుల్" అన్నాడు.

నా పక్కన మనవరాలు ఫైలు గుండెలకి ఆనించుకుని నిలబడింది. పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసైంది. నర్సింగులో ఇక్కడి పిల్లలకని విడిగా కొన్ని సీట్లుంటాయి. వాటిలో ఒకటి దానికి దాదాపు ఖాయం, లోకల్ సర్టిఫికెట్ ఒక్కటి జతచేస్తే. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కిటికీ మూస్తారు. ఆ తర్వాత ఆ సీటు ఇంకొకరిది.

మార్గం లేకపోలేదు. బయట పుట్టినవాళ్ళయితే పదేళ్ళు తెగకుండా ఇక్కడి బడిలో చదివినట్టు చూపాలి. మా దగ్గర నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా కాగితాలున్నాయి. తొమ్మిదేళ్ళు. ఒకటీ రెండూ కూడా ఉన్నాయి. మధ్యలో మూడోది లేదు. ఆ ఏడు మావాడికి, అంటే పిల్ల నాన్నకి, ఉత్తరాన మాయాబందర్ జెట్టీలో డ్యూటీ పడింది, సంసారమంతా అక్కడికే మారింది. పిల్ల అక్కడి బడిలో చదివింది. ఆ కాగితం ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. గుమాస్తా లెక్కలో ఆ ఏడాది పిల్ల ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

"ఆ ఏడు ఆంధ్రాలో ఉంటే?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. లోపల గదిలో సంతకం పెట్టే ఆఫీసరుగారు మూడేళ్ళ కిందట విమానంలో దిగాడు. ఇంకో ఏడాదికి విమానంలోనే పోతాడు. ఎవరు ఇక్కడివాళ్ళో తేల్చేది ఆయన! ఆ మాట పైకి అనబోయాను. మనవరాలు నా చొక్కా చేతిని లాగి, "తాతా, ఛోడో నా. మళ్ళీ వద్దాం" అంది. ఊరుకున్నాను.

ఈ మాటతో నాకున్న తగువు ఇవాళ్టిది కాదు.

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి వల మూట నెత్తిన పెట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌లో దిగాడు. నేను ఇక్కడే, ఒడ్డున గుడిసెలో పుట్టాను. అప్పట్లో లోకల్ అంటే జైలు కాలం నాటి ఖైదీల సంతతి మాత్రమే. మేం కాదు. పదేళ్ళవాణ్ణి, జెట్టీలో ఓడ టికెట్ల వరసలో నాన్న పక్కన నిలబడ్డాను. యూనిఫాం మనిషి ఒకడు కర్రతో గాలిలో గీత గీసి, "లోకల్ ఇధర్, బాకీ ఉధర్" అని అరిచాడు. లోకల్ ఇటు, మిగతావాళ్ళు అటు అని. మా నాన్న 'ఇధర్' వైపు నడిచాడు. ఇక్కడ పుట్టినవాడు కొడుకు కదా, తండ్రికి కూడా చెల్లుతుందనుకున్నాడు. భుజం పట్టి అవతలికి నెట్టారు. నాన్న నవ్వుతూనే నడిచాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

ఇంగ్లీషు నాకు బడిలో రాలేదు. రెండో తరగతితో నా చదువు అయిపోయింది. బోటు ఇంజన్లు విప్పే పనిలో చేరాక, డబ్బాల మీది అక్షరాలు, ఇంజన్ పుస్తకాల్లో బొమ్మల కింది మాటలు కూడబలుక్కున్నాను. బదిలీ మీద పోతున్న గుమాస్తా ఒకాయన పారేయబోయిన డిక్షనరీ నాకు దక్కింది. దానికి అట్ట లేదు, మొదటి అక్షరం పేజీలు సగం లేవు. ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు ఇప్పటికీ నాకు తక్కువే. లోకల్ మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. 'ఒక నిర్ణీతమైన చోటికి చెందినది' అని అర్థం. విశేషణం. అంతే, ఒక్క వాక్యం. చెందినదని ఎవరు చెప్పాలో డిక్షనరీ రాయలేదు.

మా దగ్గర ఆ మాట తిరిగే తీరు చూస్తే ఏ పండితుడికైనా తల తిరుగుతుంది. బజార్లో లోకల్ కోడి అంటే రేటు ఎక్కువ, గౌరవమూ ఎక్కువ. పక్కనున్న చౌల్దారీలో పండిన టమాటా లోకల్. ఓడలో వచ్చిందైతే 'షిప్ మాల్', దాన్ని రెండువేళ్ళతో ఎత్తి చూసి కిందపెడతారు. అదే ఇంజన్ సామాను దగ్గరికొచ్చేసరికి తిరగబడుతుంది. "భయ్యా, ఒరిజినలా, లోకలా?" అని అడిగితే లోకల్ అంటే దొంగ సరుకని. అరచేతిలో గాలం దిగినప్పుడు డాక్టరమ్మ "లోకల్ ఇచ్చి కోసేస్తాం" అంది. చెయ్యి మొద్దుబారింది, మనిషికి మాత్రం తెలివి ఉంది. మా నాన్న ఊరికి మొదటిసారి వెళ్ళినప్పుడు టీకొట్టు దగ్గర ఒకడు నన్ను ఎగాదిగా చూసి, "లోకల్ కాదే, ఎవలు బాబూ?" అన్నాడు. ఫలానావారి మనవణ్ణంటే, "ఓ, అండమానోడివా!" అన్నాడు. అక్కడ అండమానోణ్ణి, ఇక్కడ ఆంధ్రావాలాని. కోడికీ టమాటాకీ ఉన్న పాటి ఊరు మనిషికి లేదు.

ఇదంతా కిటికీ దగ్గర చెప్పలేదు. చెప్పినా వరసలో వెనకవాళ్ళు ఒప్పుకోరు.

అసలు సంగతి ఇంకొకటుంది. దాన్ని ఆటోలో ఆస్టినాబాద్ ఇంటికొస్తున్నంతసేపూ నాలో నేనే తిప్పుకున్నాను. పిల్ల ఆంధ్రాలో ఎందుకు పుట్టింది? నేను పంపాను గనుక.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా వాళ్ళలో అది రాసిపెట్టిన చట్టం కంటే గట్టిది. ఇక్కడ ఆసుపత్రి ఉంది, డాక్టర్లున్నారు. అయినా మా ద్వీపాల తెలుగువాళ్ళం ఎంతమందిమి ఏడో నెల కడుపుతో ఉన్న ఆడపిల్లల్ని ఓడెక్కించి, మూడు రోజుల సముద్రం దాటించి పుట్టిళ్ళకి పంపామో! పంపి, వాళ్ళ పిల్లల కాగితాల మీద వేరే ఊరు రాయించి, పద్దెనిమిదేళ్ళ తర్వాత కిటికీల దగ్గర దెబ్బలాడుతున్నాం. ఈ తెలివితక్కువ పని ఇంకే జాతీ చేసి ఉండదు.

మా కోడలు వెళ్ళనంది. "వాంతులకి నిలబడలేకపోతన్నాను మావా, ఇక్కడే కంటాను" అంది. నేను వినలేదు. రేపు మనవాళ్ళు ఏమంటారు, కోడలికి పుట్టిల్లు లేదంటారు అన్నాను. మావాడు తల దించుకుని టికెట్ తెచ్చాడు.

సోమవారం సాయంత్రమైంది. మావాడు నికోబార్ వైపు ఓడ డ్యూటీలో ఉన్నాడు, ఫోను కలవదు. వరండాలో కూర్చున్నాను. నాతో ముప్పై ఏళ్ళు ఇంజన్లు విప్పిన మా పక్కింటి ముసలాయన వచ్చాడు. బంధుత్వం లేకపోయినా ఇద్దరం బావా అనే పిలుచుకుంటాం. సంగతంతా విని తొడ చరిచాడు.

"ఓస్, దీనికా ఇంత దిగులు! పిల్ల ఇక్కడే మీ ఇంట్లో పుట్టిందని అఫిడవిట్ రాసీ. బాలింతని పుట్టింటికి తీసుకెళ్ళినప్పుడు తెలీక అక్కడ రాయించీసినాం అను. సాక్షి సంతకం నాది ఒకటి, మా ఆవిడది ఒకటి. ఊళ్ళో అందరి అర్జీలూ రాసినోడివి, నీకు నేను సెప్పాలేటి?"

నిజమే. వల లైసెన్సులకీ, నీటి కుళాయికీ, పింఛనుకీ వందల అర్జీలు నా చేత్తో రాశాను. అబద్ధం ఒక్కటీ రాయలేదని గొప్పకి చెప్పను. కొన్నిచోట్ల వయసులు సర్దాను. తెల్లకాగితం తెచ్చాను. ఇంగ్లీషులో మొదటి వాక్యం రాశాను కూడా.

కోడలు టీ గ్లాసులతో వచ్చి అక్కడే నిలబడింది. ఎప్పుడూ నా ముందు గట్టిగా మాట్లాడిన మనిషి కాదు.

"ఏటి రాస్తన్నారు మావా?"

పక్కింటాయన ఉత్సాహంగా చెప్పాడు. ఆమె గ్లాసులు అరుగు మీద పెట్టింది.

"అప్పుడు ఎల్లనంటే పంపీసినారు. ఇప్పుడు ఎల్లనేదని రాసీస్తారా?"

పెన్ను కిందపెట్టాను. ఆమె ఆపలేదు.

"మా అమ్మ సేతుల్లో పడింది ఈ పిల్ల. ఆర్నెల్లకి మా అమ్మ పోయింది. ఆ ఇల్లు కూడా నేదిప్పుడు, సముద్రం తినేసింది. మా ఊరి పేరు ఈ ఇంట్లో ఆ కాగితం మీద ఒక్కదాని మీదే ఉంది. దాన్నీ కొట్టీండి."

"సీటు పోతాది తల్లీ" అన్నాడు పక్కింటాయన మెల్లగా.

"పోతే పోయిందని నానన్నానా? మాయాబందర్ బడి మునిగిపోనేదు గదా. ఎల్లి తెండి. నన్ను ఓడెక్కించడానికి కాళ్ళున్నాయి గదా అప్పుడు!"

పక్కింటాయన టీ తాగకుండానే లేచి, "నాను రేపొస్తాన్లే బావా" అని జారుకున్నాడు. నేను కాగితం చించేశాను. ఆమె మాటకి కోపం రావలసింది. రాలేదు. లోపలి గదిలో మనవరాలు వింటోందని మాత్రం సిగ్గేసింది.

మంగళవారమంతా ఆ బడికి ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. బుధవారం తెల్లవారుజామున బస్సెక్కాను. మనవరాలు వస్తానంది, కౌన్సెలింగుకి పిలిస్తే ఇక్కడ ఉండాలి, వద్దన్నాను.

మాయాబందర్ వెళ్ళే రోడ్డు ఈ ద్వీపాల ఆదివాసుల అడవిలోంచి పోతుంది. చెక్‌పోస్టు దగ్గర బళ్ళన్నీ కాన్వాయ్‌గా నిలబెట్టి వదులుతారు. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. ఒక మలుపులో చెట్ల అంచున ఒక ఆడమనిషి బిడ్డని నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. బస్సులో అందరూ కిటికీలవైపు ఒరిగారు. కండక్టరు కసిరాడు. డిక్షనరీ అర్థం అచ్చంగా సరిపోయే మనుషులు ఈ ద్వీపాలన్నిట్లో వాళ్ళే. వాళ్ళని మాత్రం లోకల్ అని ఎవరూ అనగా వినలేదు. నా కోపం అక్కడ కాస్త చిన్నదైపోయింది. ఆ బిడ్డ ఎక్కడ పుట్టిందని అడిగే కిటికీ లేదు. మా నాన్న మాత్రం వాళ్ళ నేల మీద దిగి వల ఆరేసుకున్నవాడు. ఈ ఆలోచన నాకు నచ్చలేదు. కానీ వచ్చింది గనుక రాస్తున్నాను.

చేరేసరికి బడి మూసేశారు. తెలిసినవాళ్ళింట్లో పడుకుని, గురువారం పొద్దున గేటు తీయకముందే నిలబడ్డాను. హెడ్మాస్టరమ్మ కొత్తగా వచ్చినావిడ. "దీదీ, మూడో తరగతి. ఒక్క ఏడు" అని చెప్పాను. ఆవిడ తన పని ఆపుకుని బీరువా తెరిచింది. పాత అడ్మిషన్ రిజిస్టరు దొరికింది. తేమకి పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయి, పుస్తకం చెక్కముక్కలా ఉంది. ఆవిడ వేళ్ళతో లాగితే ఒక మూల చినిగి చేతిలోకి వచ్చింది.

"ఆగండి దీదీ!" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఇంజన్లో రెండు ఇనుప భాగాల మధ్య పెట్టే కాగితం గ్యాస్కెట్ ఏళ్ళ తరబడి అతుక్కుపోతే దాన్ని లాగకూడదు. వెచ్చబెట్టాలి, పలచటి బ్లేడు అంచు నుంచి లోపలికి జారనివ్వాలి, తొందరపడకూడదు. జీవితమంతా చేసిన పని. కానీ అప్పుడు నా చూపు గోడ గడియారం మీదే ఉంది. తొమ్మిదిన్నర బస్సు తప్పితే అడవిలో ఆఖరి కాన్వాయ్ అందదు, కాన్వాయ్ అందకపోతే శుక్రవారం అందదు. టేబుల్ లైటు కింద పుస్తకం పెట్టించాను. వంటగది నుంచి పలచటి చాకు తెచ్చారు. ఒక్కో పేజీ ఊడుతుంటే సిరా అవతలి పేజీకి అంటి తిరగబడి కనిపిస్తోంది. ఏడు పేజీలు విడదీశాను. మధ్యమధ్య ఆగి వేళ్ళు విదిలించుకున్నాను. డెబ్బై దాటిన చేతులు, ఏం చేస్తాం. ఎనిమిదో పేజీలో మా పిల్ల ఉంది. తండ్రి ఉద్యోగం, చేరిన రోజు, వెళ్ళిన రోజు, అన్నీ ఉన్నాయి.

హెడ్మాస్టరమ్మ తన చేత్తోనే సర్టిఫికెట్ రాసి ముద్ర వేసింది. ముద్ర ఆరేదాకా ఊదింది కూడా. దండం పెట్టాను. "అంకుల్, భాగియే!" అంది. పరుగెత్తాను. ఆ వయసులో దాన్ని పరుగంటారో లేదో, బస్సు డ్రైవరు మాత్రం జాలిపడి ఆపాడు.

దారిలో వాన. ఒకచోట చెట్టు పడింది. అడ్డం కొట్టి తీసేదాకా ప్రయాణికులందరం దిగి రోడ్డు మీద నిలబడ్డాం. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బనీను లోపల దాచుకున్నాను. చెమటకి పాడవుతుందేమోనని ఐదు నిమిషాలకోసారి తడిమి చూసుకున్నాను. ఆఖరి కాన్వాయ్‌లో మాది చివరి బండి.

శుక్రవారం ముగ్గురం వెళ్ళాం. కోడలు కూడా వస్తానంది, ఎందుకని నేను అడగలేదు. గుమాస్తా కొత్త కాగితం చూశాడు, ముద్ర చూశాడు, వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు. "అబ్ ఠీక్ హై" అన్నాడు. ఊపిరి వదిలేలోపే ఇంకో ఫారం ఇవతలికి తోశాడు. బయట పుట్టినవాళ్ళకి ఇదొకటి ఉందట. కుటుంబ పెద్ద నింపాలి. అందులో ఒక గడి: ద్వీపాల బయట పుట్టడానికి కారణం.

"ఆచారం అని రాసెయ్యండి అంకుల్. అందరూ అదే రాస్తారు" అన్నాడు హిందీలో.

పెన్ను తీశాను. ఆచారం అనే మాట ఇంగ్లీషులో నాకు బాగా వచ్చు. ఎంతోమందికి రాసిపెట్టాను కూడా. అది రాస్తే తప్పు ఎవరిదీ కాదు, ఎప్పుడో చచ్చిపోయిన తాతలది. మూడున్నర కావస్తోంది. వరసలో వెనక ఎవరో దగ్గుతున్నారు. నేను రాసింది ఇది: కుటుంబ పెద్దగా నా నిర్ణయం. పిల్ల తల్లి వెళ్ళనంది. ఆమె మాట నేను వినలేదు.

గుమాస్తా చదివి కళ్ళు పైకెత్తాడు. ఫారం లోపలికి తీసుకెళ్ళాడు. ఆ పావుగంట ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. ఆ గడిలో అక్కర్లేని మాట రాసి పిల్ల కొంప ముంచానేమోనని లోపలి తలుపు వైపే చూశాను. మనవరాలు గోళ్ళు కొరుకుతోంది. కోడలు దాని చెయ్యి నోటి దగ్గర్నుంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

కాగితం వచ్చింది. సంతకం, ముద్ర. మూడేళ్ళ కిందట విమానంలో దిగిన మనిషి మా మనవరాలు లోకల్ అని రాసిచ్చాడు. నాలుగింటిలోపు పక్క కిటికీలో జతచేశాం. రసీదు చేతిలో పడేదాకా పిల్ల నవ్వలేదు. పడ్డాక మెట్ల మీదే ఒక్క గెంతు గెంతింది. "హో గయా తాతా! అయిపోయింది!"

"ఆ గడిలో ఏటి రాసినారు మీ తాత?" అని కోడలు దాన్ని అడిగింది. పిల్ల సగం హిందీలో, సగం తెలుగులో చెప్పింది. కోడలు మెట్లు దిగడం ఆపింది.

"ఇంగిలీసులో ఆఫీసోడికి సెప్పినారు మావా" అంది. "నాకు సెప్పనేదు."

చుట్టూ జనం. ఆటోవాళ్ళు పిలుస్తున్నారు. తెలుగులో ఆ మూడు వాక్యాలూ మళ్ళీ చెప్పడానికి ఇంగ్లీషులో పట్టినదానికంటే ఎక్కువసేపు పట్టింది. నీ మాట నేను వినలేదమ్మా, తప్పు నాదే అన్నాను. ఆమె చీర చెంగు సర్దుకుంది.

"సరే. పొద్దున్నుంచి ఏటీ తిననేదు ఈ పిల్ల. పదండి."